ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలి?

ప్రశ్న: మాన్యువల్ గేర్ల ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) నాది. కొండ అడవిలో ఒక మట్టిదారి ఉంది. నిట్టనిలువు ఎక్కుడు, నేలంతా తడి ఆకులు, వేర్లు, వాననీరు కోసిన లోతైన గాడులు. సగం దాకా ఎక్కాక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి, వెనక భాగం పక్కకు జారుతోంది. స్పీడుగా వెళ్లి ఎక్కించేయొచ్చా? వెనక్కి దిగాలంటేనే టెన్షన్.

జవాబు: స్పీడు వద్దండీ. వీడియోల్లో మట్టి ఎగరేస్తూ ఎక్కించేస్తారు గానీ, యాక్సిల్ విరిగాక ఏమైందో చూపించరు. ముందు టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉంటే 20 దాకా దించొచ్చు. టైరు పొడవునా నేలకు ఆనుకుని పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. తర్వాత బండి ఆపి లో-రేంజ్ (వేగం తగ్గించి లాగుడు పెంచే గేర్ల అమరిక) వేసి, రెండో గేరులో నిదానంగా ఎక్కండి. తడి మట్టిలో మొదటి గేరు లాగుడు ఎక్కువై చక్రం గిర్రున తిరుగుతుంది.

అసలు నేర్చుకోవాల్సింది వెనక్కి దిగడం. ఇంజిన్ ఆగిందా, వెంటనే బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగండి. లో-రేంజ్‌లోనే రివర్స్ గేరు వేసి క్లచ్ వదిలేయండి. తర్వాత హ్యాండ్‌బ్రేకు తీసి, కాలి బ్రేకు మెల్లగా వదిలితే బరువును గేరే ఆపుతుంది. అప్పుడు తాళం తిప్పితే ఇంజిన్ వేగంతోనే దిగుతుంది. క్లచ్ తొక్కందే స్టార్ట్ కాని బండైతే, బ్రేకు పట్టి స్టార్ట్ చేసి, రివర్స్ వేసి, క్లచ్ వదులుతూ బ్రేకు సడలించండి. దిగేటప్పుడు మళ్లీ క్లచ్ తొక్కారో, బండి మీ చేతిలో ఉండదు. స్టీరింగ్ తిన్నగానే ఉండాలి. వాలులో అడ్డంగా తిప్పితే బోల్తానే.

ప్రశ్న: థాంక్స్ అండీ. దారిలో రాయి వస్తే రెండు చక్రాల మధ్యకు తీసుకోవాలా?

ఇంకో జవాబు: వద్దు బ్రదర్, టైరునే దాని మీదికి ఎక్కించు. యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల డబ్బా) రాయికి తగిలితే పని అయిపోయినట్టే. బొటనవేళ్లు స్టీరింగ్ చువ్వల మధ్య పెట్టొద్దు, చక్రం రాయిని కొడితే స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగి వేలు విరుగుతుంది. ఒంటరిగా అసలు వెళ్లొద్దు. ఇంకో బండి ఉంటే లాగించుకోవచ్చు, కానీ లాగే పట్టీని ట్రైలర్ తగిలించే గుండుకు కట్టకూడదు. ఆ గుండు ఊడితే తూటాలా వచ్చి తగులుతుంది. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) బిగించిన రికవరీ కొక్కేనికే కట్టాలి. లాగేటప్పుడు మిగతావాళ్లను పట్టీ పొడవుకు రెట్టింపు దూరంలో నిలబడమను.