రంజాన్‌కు ఎదురింట్లో పిలిచారు, ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

కూకట్‌పల్లి_కోడలు:
మా ఎదురింటి ఆంటీ పండక్కి రమ్మన్నారు. ఏ రోజండీ అంటే "నెలవంక కనపడ్డాక చెప్తాగా" అని నవ్వేశారు. మరి నేను ఆఫీసులో సెలవు ఏ రోజుకి పెట్టుకోను? పైగా మేం మాంసం తినం. చెబితే ఏమనుకుంటారో! హలీం పెడతారా? చేతిలో ఏం పట్టుకెళ్లాలి?

కడప_కారం:
అక్కా, మాది కడప దగ్గర పల్లె. దూదేకులోళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఆంటీ దాటేయలేదు, నిజంగానే ఆమెకూ తెలీదు. 29వ ఒక్కపొద్దు సాయంత్రం నెలవంక కనపడితే తెల్లారే పండగ, లేదంటే ఇంకొక్క రోజు. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది: 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31.

ఆ సాయంత్రం మా అమ్మ సేమ్యా నేతిలో వేయించి పెట్టేది, సహరీకి (తెల్లారకముందే తినే తిండికి) కూరా వండేది. రెండిట్లో ఏదో ఒకటి పనికొస్తుంది కదా. మసీదు మైకులో చెప్పగానే నన్ను పాలకు తరిమేది. అప్పటికే ఊళ్లో పిల్లలంతా గిన్నెలతో అక్కడే.

పండగ నమాజుకు ముందే ఇంట్లో తలకింత అని లెక్కగట్టి పేదలకు ఫిత్రా ఇచ్చేయాలి. మా తమ్ముడు సరిగ్గా నెలవంక కనపడిన రాత్రే పుట్టాడు. తెల్లారేసరికి మా జేజి వాడి వంతు గోధుమలు కూడా చేటలో కొలిచి పెట్టింది. వాడికింకా పేరే పెట్టలేదు!

హలీం నెలంతా ఇఫ్తార్ వేళ తినేది. పండగనాడు షీర్ ఖుర్మా: పాలు, సేమ్యా, ఖర్జూరం, సారపప్పు, బాదం, పిస్తా. మన పాయసం కన్నా పల్చగా ఉంటుంది, గిన్నెతోనే తాగేయొచ్చు. అందులో మాంసం లేదు కాబట్టి నిశ్చింతగా తాగండి. బిర్యానీ సంగతి మాత్రం ముందే చెప్పేయండి. వండినాక వద్దంటేనే బాధ.

పండ్లో మిఠాయో పట్టుకెళ్లండి. ఖర్జూరాలు మాత్రం వద్దు, నెల రోజులుగా రోజూ వాటితోనే ఒక్కపొద్దు విడిచారు పాపం.

పాతబస్తీ_చాయ్:
పది దాటినంక పోండి. అంతకుముందు పోతే ఇంట్ల మగోళ్లు ఉండరు, నమాజుకు పోతరు. మా దిక్కు మీర్ ఆలం ఈద్గాకు పోతం. ఒక తొవ్వల పోయి ఇంకో తొవ్వల రావుడు సున్నత్, అంటే ప్రవక్త పాటించిన పద్ధతి, అందుకే రావుడు జర లేటైతది. పోంగనే "ఈద్ ముబారక్" అనుండ్రి. ఇంట్ల చిన్నపిల్లలుంటే ఈదీకి, అంటే పండగనాడు పిల్లలకిచ్చే పైసలకు, కొత్త నోట్లు జేబుల పెట్టుకోండి, వాళ్లు మిఠాయి డబ్బా దిక్కు సూడను గూడ సూడరు.

ముందు రోజు రాత్రి, చాంద్ రాత్, లాడ్ బజార్‌కు గాజులకు పోవాలనుకుంటే బండి దూరంగ ఆపి నడవుండ్రి. చార్మినార్ కాడ కాలు పెట్ట సందుండదు.

కూకట్‌పల్లి_కోడలు:
ధైర్యం చేసి ఇప్పుడే ఆంటీకి చెప్పి వచ్చా. "మూడేళ్లుగా మీ వంటింటి వాసన చూస్తున్నా, నాకు తెలీదా? నీకు బగారా బైంగన్ వేరే గిన్నెలో చేస్తున్నా" అన్నారు. సెలవు మాత్రం రెండు రోజులూ పెట్టేశా.