విమానం వదిలేసి నడిచారా? 1943లో లిబియా ఎడారిలో పడిన ‘లేడీ బీ గుడ్’ గురించి ఒక సందేహం

రవి_జగిత్యాల:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్న 1980ల్లో నాలుగేళ్లు లిబియాలో ట్యాంకర్ డ్రైవర్. అజ్దాబియా నుంచి జాలూ మీదుగా కుఫ్రా దాకా డీజిల్, నీళ్లు తోలేవాడు. మొన్న మాఘమాసంలో పోయాడు. ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే అక్కణ్ణుంచి తెచ్చుకున్న అల్యూమినియం నీళ్ల సీసా బయటపడింది. చుట్టూ మందపాటి గుడ్డ కుట్టి ఉంటుంది, మూతకు చిన్న గొలుసు. గుడ్డ తడిపితే లోపలి నీళ్లు చల్లగా ఉంటాయని చెప్పేవాడు. అది చూడగానే చిన్నప్పుడు చెప్పిన విమానం కథ గుర్తొచ్చింది.

ఇసుకలో చెక్కుచెదరకుండా ఒక అమెరికా బాంబర్ దొరికిందని, లోపల నీళ్లు, తిండి అన్నీ ఉన్నాయని, మనుషులు మాత్రం ఎక్కడో దూరంగా ఎండిపోయి దొరికారని క్యాంపులో ఎవరో చెప్పారట. కథ అయ్యాక ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "బండి ఇడిసిపెట్టినోడు బతకడు బిడ్డా. ఆళ్లు ఇమానం ఇడిసిపెట్టిన్రు, సచ్చిపోయిన్రు."

వాళ్లు తెలివితక్కువ పని చేశారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నెలరోజులుగా రాత్రిళ్లు కూర్చుని చదువుతున్నాను. దాని పేరు ‘లేడీ బీ గుడ్’, బీ-24 లిబరేటర్. 1943 ఏప్రిల్ 4న బెంఘాజీ దగ్గర సోలూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీద బాంబులు వేయడానికి వెళ్లిన 25 విమానాల్లో ఇదొకటి. తొమ్మిది మంది సిబ్బంది. వాళ్లంతా కలిసి వెళ్లిన మొదటి యుద్ధయాత్ర అదే. తిరిగి రాలేదు. సముద్రంలో పడిపోయిందనుకుని మధ్యధరా మీద వెతికి వదిలేశారు.

1958లో చమురు కోసం సర్వే చేస్తున్న బ్రిటిష్ వాళ్లకు పైనుంచి కనబడింది. సముద్రంలో కాదు, స్థావరానికి ఆగ్నేయంగా దాదాపు 700 కిలోమీటర్ల లోపల, ఎడారిలో. మరుసటి ఏడాది మనుషులు అక్కడికి చేరి చూస్తే మెషిన్ గన్ పేలుతోంది, రేడియో పనిచేస్తోంది, ఫ్లాస్కులో టీ కూడా పాడవలేదు. ఒక్క మనిషి లేడు, ఒక్క పారాషూట్ లేదు.

1960 ఫిబ్రవరిలో ఐదుగురి అవశేషాలు ఒకేచోట దొరికాయి. వాళ్లలో కో-పైలట్ రాబర్ట్ టోనర్ జేబు డైరీ ఉంది. రోజుకు రెండు మూడు వరుసలు. మొదటి రోజునే రాశాడు: దారి తప్పాం, ఇంధనం అయిపోయింది, దూకేశాం, జాన్ కనబడటం లేదు. రెండో రోజు: అర సీసా నీళ్లున్నాయి, రోజుకు ఒక మూతెడు. ఆ ‘మూతెడు’ దగ్గర నేను ఆగిపోయాను. చేతిలో నాన్న సీసా ఉంది.

నా ప్రశ్నలు రెండే. 700 కిలోమీటర్లు దాటిపోయేదాకా వాళ్లకు తెలియకపోవడం ఎలా? విమానంలో అన్నీ ఉండగా అక్కడికి ఎందుకు వెళ్లలేదు? తప్పు వాళ్లదేనా? తెలిసినవాళ్లు చెప్పండి. నాకిది ఊరికే ఆసక్తి కాదు, నాన్న మాట నిజమో కాదో తేల్చుకోవాలని ఉంది.

రేడియో_మాస్టారు:

రవీ, నాన్నగారి విషయం తెలిసి బాధేసింది. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు గ్రౌండ్ రేడియోలు బాగుచేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. నీ మొదటి ప్రశ్నకు నేను చెప్పగలను.

ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే మీడియం వేవ్‌లో విజయవాడ స్టేషన్ పెట్టు. రేడియోను బల్ల మీద పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పు. ఒకచోట సౌండ్ బాగా తగ్గిపోతుంది. తిప్పుతూనే ఉండు. సరిగ్గా దానికి ఎదురుదిక్కులో మళ్లీ తగ్గుతుంది. అంటే స్టేషన్ ఏ గీత మీద ఉందో నీకు తెలుస్తుంది గానీ, ఆ గీతకు ఏ కొసన ఉందో తెలియదు. లూప్ యాంటెనా, అంటే చుట్టలా తీగ చుట్టిన యాంటెనా, లక్షణమే అంత. కొస తేల్చుకోవాలంటే పక్కన ఇంకో యాంటెనా కావాలి.

ఆ రాత్రి పన్నెండు దాటాక పైలట్ హాటన్ బెంఘాజీ దగ్గరున్న బెనీనా రేడియో స్టేషన్‌ను దిశ అడిగాడు. తన విమానంలో దిక్కు చూపే పరికరం పనిచేయడం లేదన్నాడు. కింద ఉన్నది ఒకే లూప్. వాళ్లు 330 డిగ్రీలని చెప్పారు, అంటే నువ్వు మాకు వాయవ్యంలో ఉన్నావని. నేపుల్స్ కూడా అటువైపే. వాయవ్యం నుంచి రావలసినవాడు వాయవ్యంలోనే ఉన్నాడంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పు? కానీ విమానం అప్పటికే తలమీదుగా దాటి ఆగ్నేయం వైపు పోయిందనే లెక్క. రెండు చోట్లా రీడింగ్ ఒక్కటే వస్తుంది. వెనకనుంచి గాలి తోయడంతో అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. కింద మబ్బు, చీకటి. చీకట్లో పైనుంచి చూస్తే నీళ్లకూ ఇసుకకూ తేడా తెలియదు.

ఆ జవాబు విని హాటన్ అదే దారిలో ఇంకా దాదాపు రెండు గంటలు పోయాడు. అడిగాడు, జవాబొచ్చింది, దాన్ని నమ్మాడు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. సముద్రం మీదే ఉన్నామని వాళ్లు ఎంత నమ్మారంటే, నీళ్లలో తేలడానికి వేసుకునే జాకెట్లు తొడుక్కుని మరీ దూకారు. ఆ జాకెట్లు తర్వాత ఎడారిలో దొరికాయి. నేను క్లాసులు చెప్పే రోజుల్లో కుర్రాళ్లకు ఈ సంగతి ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి. రీడింగ్ ఇచ్చేటప్పుడు అవతల చివర ఒక మనిషి ఉన్నాడని గుర్తుండాలి.

రవి_జగిత్యాల:

సార్, చాలా థాంక్స్. జాకెట్ల సంగతి నాకు తెలియదు. ఇక రెండోది, విమానం దగ్గరికి ఎందుకు పోలేదన్నది ఎవరైనా చెప్పండి.

శీను_రాజంపేట:

రవి అన్నా, నేను ఒమన్‌లో ఆయిల్ సర్వే క్యాంపులో తొమ్మిదేళ్లు చేశాను. మాకూ మొదటి రోజు ట్రైనింగ్‌లో మీ నాన్నగారి మాటే చెప్తారు, బండి వదలొద్దని. మాట వంద శాతం కరెక్ట్. కాకపోతే ఈ కథలో బండే వాళ్లను వదిలి పోయిందన్నా.

వాళ్లు రాత్రి రెండు గంటలకు దూకారు. మనిషి లేని విమానం అదే దారిలో ఇంకో 26 కిలోమీటర్లు దక్షిణంగా తేలుతూ పోయి, చదునైన నేల మీద తనంతట తానే పొట్టతో దిగింది. అది అలా దిగుతుందని ఎవరూ అనుకోరు, ఎక్కడో పడి కాలిపోయిందనే అనుకుంటారు. పైగా వాళ్ల లెక్కలో సముద్రం, క్యాంపు రెండూ దగ్గర్లోనే ఉన్నాయి, వాయవ్యంగా నడిస్తే చాలు. అందుకే అటు నడిచారు. అడుగడుగునా విమానానికి దూరమైపోయారు.

నడక గురించి కూడా చెప్తాను. ఒకసారి మా పికప్ ఇరుక్కుపోయి, బుద్ధి లేక నాలుగు కిలోమీటర్లు నడిచి క్యాంపుకు పోయాం. మూడు గంటలు పట్టింది. ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు రెండడుగులు వేస్తే ఒకటి కిందకి జారుతుంది. పిక్కలు పట్టేస్తాయి, నోట్లో ఉమ్ము ఊరదు. కళ్లలో పడిన ఇసుకను తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. మాకు తలా ఒక లీటరున్నర నీళ్లున్నాయి. వాళ్లకు ఎనిమిది మందికి కలిపి అర సీసా. అమెరికా మిలిటరీ సీసా నిండా పోస్తే లీటరు కూడా పట్టదు. సగమంటే అర లీటరు లోపే.

అంత నీళ్లతో వాళ్లు వంద కిలోమీటర్లు దాటి నడిచారు. పదిహేను నిమిషాలు నడక, ఐదు నిమిషాలు ఆగడం, రాత్రంతా. మూడు రోజులు చదును నేల, 8వ తారీఖున ఇసుక దిబ్బలు తగిలాయి. అక్కడే విరిగిపోయారు. వాళ్లలో లామోట్‌కు చూపు పోయింది, మిగతావాళ్ల కళ్లూ పాడయ్యాయి. 9న షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ ముగ్గురూ సాయం తెస్తామని ముందుకు పోయారు. షెల్లీ, రిప్‌స్లింగర్ అక్కణ్ణుంచి ఇంకా 30 కిలోమీటర్లకు పైగా పోయి పడిపోయారు. దిబ్బల్లో 30 కిలోమీటర్లన్నా! అది తలుచుకుంటే నాకు మాట రాదు.

ఇంకో సంగతి. దారిపొడుగునా గుర్తులు పెట్టుకుంటూ పోయారు. బూట్లు విడిచి బాణంలా పేర్చారు, పారాషూట్ గుడ్డల మీద రాళ్లు పెట్టారు. వెనక ఎవరైనా వస్తే తెలియాలని, కనబడని జాన్ వస్తాడేమోనని. జాన్ వొరావ్కా పారాషూట్ సరిగ్గా విచ్చుకోక అక్కడే చనిపోయాడని 1960 ఆగస్టులో అతను దొరికాకే తెలిసింది. ఇలాంటి మనుషుల్ని తెలివితక్కువవాళ్లంటే నేను ఒప్పుకోను.

లక్ష్మి_విశాఖ:

రవి గారూ, నేను మీ పోస్టు రెండుసార్లు చదివాను. మూర్ చివరికి ఏమయ్యాడో ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. ఎనిమిది మంది దొరికారు గానీ వెర్నన్ మూర్ దొరకలేదు.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ మన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది మా విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఆ రోజుల్లో మా ఊళ్లో బస్సులో, రైతు బజార్లో, ఎక్కడ చూసినా అదే మాట: ఏమైనా తెలిసిందా? ఏ దీవిలోనో ఉండి ఉంటారని చాలాకాలం అనుకున్నాం. 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో శకలాల ఫొటోలు దొరికాయని చెప్పారు. ఏడున్నరేళ్లు! దొరికిందని విన్న రోజున ఏడ్వాలో, ఊపిరి పీల్చుకోవాలో మాకే తెలియలేదు. ఆ ఇళ్లల్లో ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పలేను.

లిబియాలో పోయినవాళ్ల ఇళ్లవాళ్లు పదిహేనేళ్లకు పైగా సముద్రం అనుకున్నారు. తర్వాత ఎడారి అన్నారు, డైరీ వచ్చింది. మూర్ ఇంటివాళ్లకు మాత్రం డైరీలో పేరు తప్ప ఏమీ రాలేదు. మీరు మీ నాన్నగారి కథ ఎవరికైనా చెప్పేటప్పుడు అతని పేరు కూడా చెప్పండి.

రవి_జగిత్యాల:

తప్పకుండా చెప్తాను లక్ష్మి గారూ. మాస్టారూ, ట్రాన్సిస్టర్ మేనమామ ఇంట్లో ఉంది, ఆదివారం తెచ్చి తిప్పి చూస్తాను. శీనూ, నీ మాటతో నా నెత్తిమీద బరువు దిగింది తమ్మీ. నాన్న ఉండి ఉంటే ఈ సంగతి చెప్పేవాణ్ణి: నీ మాట కరెక్టే నాన్నా, కానీ వాళ్లు విడిచిపెట్టలేదు. వింటే ఒప్పుకునేవాడే. రోడ్డు మీద చచ్చినవాళ్ల గురించి చులకనగా మాట్లాడే మనిషి కాదాయన.

నిన్న రాత్రి ఒక పని చేశాను. నాన్న సీసా మూత విప్పి, నీళ్లు నింపి, టీ చెంచాతో తీసి కొలిచాను. రెండు చెంచాలు, పైన నాలుగు చుక్కలు. వాళ్ల సీసా మూత కొంచెం పెద్దదే కావచ్చు. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే నాలుక తడిసింది, గొంతు దాకా రాలేదు.

ఏప్రిల్ 11న టోనర్ రాసింది ఇదే: నాలుక తడుపుకోవడానికి మాత్రమే మిగిలాయని, నీళ్లుంటే బయటపడేవాళ్లమని. 12న ఒక్క వరుస రాశాడు, సాయం ఇంకా రాలేదని, రాత్రి చాలా చలిగా ఉందని. తర్వాత పేజీలు ఖాళీ.

అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. ఇట్ల ఎన్ని రోజులున్నరు బిడ్డా అని అడిగింది. నడక మొదలుపెట్టిన రోజు నుంచి ఆఖరి వరుస దాకా వేళ్ల మీద లెక్కబెట్టి, ఎనిమిది అన్నాను. సీసా నా చేతిలోంచి తీసుకుని, గుడ్డ తడిపి, నిండా నీళ్లు పోసి నాన్న ఫొటో ముందు పెట్టింది.