ఫై థీటా కాపా నుంచి మెయిల్ వచ్చింది, డబ్బులు కట్టమంటారా?

కొల్లేటి కొంగ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మా అమ్మాయి ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కాలేజీ) మొదటి ఏడాది, రెండో సెమిస్టర్ చదువుతోంది. హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది, మొన్న జనవరిలో 19 నిండాయి. మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు చేసి 4కి 3.8 జీపీఏ తెచ్చుకుంది. పోయిన వారం కాలేజీ మెయిల్‌కి ఫై థీటా కాపా అనే ఆనర్ సొసైటీ (బాగా చదివేవాళ్ళ సంఘం) నుంచి "అభినందనలు, మీరు అర్హులయ్యారు" అని ఒక మెయిల్ వచ్చింది. నాలుగు పేరాలు పొగిడి, ఆఖర్న 85 డాలర్లు కట్టమన్నారు.

అభినందించి డబ్బులడిగేవాళ్ళంటే నాకు భయం. వెనకటికి మా నాన్నగారికి ఇలాగే ఏదో పురస్కారం వచ్చిందని ఉత్తరం వస్తే, జ్ఞాపికకి మూడు వేలు పంపారు. అది మా ఊళ్ళో టీవీ పైన ఇప్పటికీ ఉంది, పేరులో అచ్చుతప్పుతో సహా.

అమ్మాయికి రెండేళ్ళయ్యాక కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద యూనివర్సిటీకి మారాలని ఉంది. దీనిలో చేరితే నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక రెజ్యూమేలో ఒక లైనేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. కమ్యూనిటీ కాలేజీలో ఎందుకు వేశారు అన్న పరామర్శలు మాత్రం వద్దు, బంధువుల దగ్గర అవి అయిపోయాయి.

గోంగూర అమ్మ:

మోసం కాదండీ, అక్కడికి నిశ్చింతగా ఉండండి. ఫై థీటా కాపా 1918లో మిస్సోరీలో పుట్టింది. రెండేళ్ళ కాలేజీల వాళ్ళకి ఇదే అధికారిక ఆనర్ సొసైటీ అని 1929లోనే ఆ కాలేజీల జాతీయ సంఘం గుర్తించింది. ఇప్పుడు ఆఫీసు మిసిసిపీలోని జాక్సన్‌లో ఉంది. సాధారణంగా 12 క్రెడిట్లు పూర్తై 3.5 జీపీఏ ఉంటే పిలుస్తారు. ఫీజు ఒక్కసారే, ఏటా కట్టక్కర్లేదు. కాలేజీలో ఉండే దాని శాఖ, అంటే చాప్టర్, రుసుము కూడా కలుస్తుంది కాబట్టి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ఫై బీటా కాపా అని ఇంకోటుంది, 1776 నాటిది, నాలుగేళ్ళ కాలేజీల వాళ్ళది. పేర్లు దగ్గరగా ఉంటాయి కదా అని రెండూ ఒకటే అనుకోకండి. మా ఆడపడుచు ఒక పెళ్ళిలో అందరికీ ఆ పెద్దదే వచ్చిందని చెప్పేసి మావాడి పరువు తీసింది.

ఇక మావాడి సంగతి. చేరాడు, డబ్బు కట్టాడు, అంతే. ఒక్క మీటింగ్‌కి వెళ్ళలేదు. గ్రాడ్యుయేషన్ రోజు మెడలో బంగారు రంగు కండువా వేసుకుని ఫొటోలు దిగాడు. వీడియో కాల్‌లో చూసి గుంటూరులో మా అత్తగారు "వాడు ఏ పార్టీలో చేరాడే?" అన్నారు. వాడు మారిన యూనివర్సిటీలో ఈ సభ్యులకంటూ స్కాలర్‌షిప్ ఏదీ లేదు. మాకు మిగిలింది ఆ ఫొటో, వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండ్ల మధ్య ఒక పిన్నూ.

పాత చింతకాయ:

నేను పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. రెజ్యూమేలో ఈ గ్రీకు అక్షరాలు చూసి ఎవరినీ పిలవలేదు, చూసి ఎవరినీ కాదనలేదు కూడా. ఫ్రెషర్ అయితే ఏం ప్రోగ్రామ్ తయారుచేశావు, ఎక్కడ తప్పు దొర్లింది, ఎలా సరిచేశావు అని అడుగుతాం. ఉద్యోగం కోసమైతే ఆ 85 డాలర్లు దాచుకోండి.

ఇంకో మాట. ఇది అసలైనదే, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి పేర్లు పెట్టుకుని తిరిగే ఉత్తుత్తివి బోలెడున్నాయి. వాటిని పట్టుకోవడం తేలిక. ఎంత జీపీఏ కావాలో స్పష్టంగా చెప్పవు, ఏటా ఫీజు అడుగుతాయి, క్యాంపస్‌లో వాటికి చాప్టర్ ఉండదు, బాధ్యత తీసుకునే లెక్చరర్ ఉండరు. ఏ ఆహ్వానం వచ్చినా అమ్మాయిని స్టూడెంట్ లైఫ్ ఆఫీసుకి పంపి "దీనికి అడ్వైజర్ ఎవరు?" అని అడగమనండి. పేరూ గది నంబరూ చెప్తే సరే. ముఖముఖాలు చూసుకుంటే ఇంటికొచ్చేయమనండి.

పైసా అడగనివీ ఉన్నాయి. మంచి మార్కులొచ్చినవాళ్ళ పేర్లతో కాలేజీ వేసే డీన్స్ లిస్ట్‌కి ఎవరూ డబ్బు తీసుకోరు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఆనర్స్ ప్రోగ్రామ్ ఉంటుంది, అందులో క్లాసు చిన్నది, లెక్చరర్‌కి పిల్ల పేరు తెలుస్తుంది. కమ్యూనిటీ కాలేజీ నుంచి మారేవాళ్ళకి ఇచ్చే జాక్ కెంట్ కుక్ స్కాలర్‌షిప్ ఏడాదికి 55,000 డాలర్ల దాకా ఉంటుంది. పోటీ విపరీతం, అయినా దానికి ఏ సొసైటీ సభ్యత్వమూ అక్కర్లేదు.

కొల్లేటి కొంగ:

ఇద్దరికీ థ్యాంక్స్. ఒకరు ఫొటో మిగిలిందంటున్నారు, ఒకరు దాచుకోమంటున్నారు. అంటే వద్దనే అనుకోవాలా? హెచ్-4 కాబట్టి అమ్మాయి ఉద్యోగం చేయకూడదు, ఫాఫ్సా (ఫెడరల్ ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు) లేదు. ఫీజు మొత్తం నా జేబులోంచే వెళ్ళాలి. అందుకే ఇంతలా అడుగుతున్నాను.

ఓరుగల్లు కుర్రాడు:

అంకుల్, మీరు ఇప్పుడు చెప్పిన దానిలోనే జవాబు ఉంది. నేనూ హెచ్-4 మీదే కమ్యూనిటీ కాలేజీలో చదివి మారాను. ఫెడరల్ సాయం మనకి రాదు, కాబట్టి మనకి ఎక్కువగా దొరికేది యూనివర్సిటీ తన సొంత డబ్బులోంచి మెరిట్ మీద ఇచ్చేదే. ఫై థీటా కాపాకి విలువ ఉందంటే అక్కడే. చాలా యూనివర్సిటీలు ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో దీని సభ్యులకంటూ విడిగా స్కాలర్‌షిప్‌లు పెట్టాయి. అన్నీ కాదు. కాబట్టి సొసైటీ మంచిదా కాదా అని కాకుండా, తను వెళ్ళాలనుకున్న యూనివర్సిటీలో దీనికి డబ్బు ఉందా లేదా అని చూడండి.

ఈ ఆదివారం కూర్చుని ఒక పని చేయండి. తను అప్లై చేయాలనుకున్న నాలుగైదు యూనివర్సిటీల పేర్లు రాసుకుని, ఒక్కొక్క దాని ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ పేజీ తెరవండి. కొత్తగా మొదటి ఏడాదిలో చేరేవాళ్ళ ఫ్రెష్‌మన్ పేజీ కాదు, అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఫై థీటా కాపా అన్న మాట ఉందా చూడండి. ఉంటే దాని కింద చిన్న అక్షరాలు మొత్తం చదవండి. సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ వాళ్ళకీ మాత్రమే అని ఉందా? రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసి రావాలా, లేక ఇన్ని క్రెడిట్లుంటే చాలా? వేరే మెరిట్ స్కాలర్‌షిప్‌తో కలిపి ఇస్తారా, రెంటిలో పెద్దది ఒక్కటే ఇస్తారా? ఆఖరిది చాలా ముఖ్యం. నాకు రెండు వచ్చాయని ఇంట్లో స్వీట్లు పంచాక ఒకటి తీసేశారు.

తేదీ కూడా చూడండి. స్కాలర్‌షిప్ గడువు చాలా చోట్ల అడ్మిషన్ గడువు కంటే ముందే అయిపోతుంది. ఆ తేదీ నాటికే సభ్యత్వం ఉండాలంటారు. నా ఫ్రెండ్ ఒకడు ఆఖరి సెమిస్టర్‌లో చేరాడు, గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఆ యూనివర్సిటీ వాళ్ళు మర్యాదగానే కుదరదన్నారు. వాడి జీపీఏ 4.0.

ఇంకోటి, ఇది మన టెక్సాస్ వాళ్ళకి. ప్రస్తుతం హెచ్-4 మీద రెసిడెంట్ ఫీజు, అంటే టెక్సాస్ వాళ్ళకుండే తక్కువ ఫీజు, వర్తిస్తోంది కదా. ఈలోపు మీకు గ్రీన్‌కార్డ్ రాకుండా అమ్మాయికి 21 నిండితే ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి, అప్పుడు ఆ ఫీజు విషయం మళ్ళీ మొదటికి రావచ్చు. ఇక్కడి రాష్ట్ర చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1000 డాలర్లు వస్తే, పబ్లిక్ యూనివర్సిటీ ఆ విద్యార్థికి బయటివాళ్ళ ఫీజు బదులు టెక్సాస్ వాళ్ళ ఫీజే వేయవచ్చు. ఎంఎస్‌కి వచ్చే మనవాళ్ళు ఆ వెయ్యి డాలర్ల కోసం అంత తపన పడేది ఇందుకే. వేయవచ్చు అన్నాను, వేస్తుంది అనలేదు. ఎంతమందికి ఇవ్వాలో పరిమితి ఉంది, ఏ స్కాలర్‌షిప్ దీని కిందికి వస్తుందో యూనివర్సిటీయే చెప్పాలి. కానీ వచ్చిందనుకోండి, 85 డాలర్ల గురించి ఇంత ఆలోచించామా అని నవ్వుకుంటారు.

రాత్రి డ్యూటీ:

మీరందరూ డబ్బు గురించే చెప్పారు, నేను వేరే వైపు చెప్తాను. నేను ఇద్దరు పిల్లల తల్లిని, 34 ఏళ్ళకి కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదివాను. అప్పుడు నాదీ హెచ్-4. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్ళకి నా వయసులో సగం. ఎవరితో మాట్లాడాలో తెలిసేది కాదు. ఈ చాప్టర్‌లో చేరాక శుక్రవారాలు కాలేజీ ఫుడ్ ప్యాంట్రీలో (అవసరమున్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) డబ్బాలు సర్దే పని ఇచ్చారు. బీన్స్ ఒక వైపు, ట్యూనా ఒక వైపు, గడువు తేదీ ముందుకు కనబడేలా. అక్కడే నా ఇంగ్లీషు గాడిన పడింది. మా చాప్టర్ అడ్వైజర్ బయాలజీ మేడమ్. నర్సింగ్ ప్రోగ్రామ్‌కి సిఫారసు లేఖ రాసింది ఆవిడే. "మంచి విద్యార్థిని" అని రాసి ఊరుకోలేదు, పప్పుధాన్యాల అర ఖాళీ అయితే నేను చుట్టుపక్కల ఇళ్ళ నుంచి బస్తా కందిపప్పు సేకరించి తెచ్చిన సంగతి రాసింది.

అయితే రెండు జాగ్రత్తలు. నన్ను వైస్ ప్రెసిడెంట్ చేశారు, అదే సెమిస్టర్‌లో మైక్రోబయాలజీ తీసుకున్నాను, బి వచ్చింది. కష్టమైన సబ్జెక్టులున్న సెమిస్టర్‌లో పదవి ఒప్పుకోవద్దని అమ్మాయికి చెప్పండి. రెండోది, కొన్నిచోట్ల విద్యార్థి నాయకులకి స్టైపెండ్ ఇస్తారు. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు గానీ, పనికి ఇచ్చే డబ్బు హెచ్-4 మీద తీసుకుంటే చిక్కు. ఎవరైనా చెక్కు ఇస్తానంటే అది దేనికో ముందు అడగాలి.

గోంగూర అమ్మ:

మావాడు ఒక్క శుక్రవారమైనా వెళ్ళి ఉంటే బాగుండేది అనిపిస్తోంది ఇది చదువుతుంటే.

పాత చింతకాయ:

ఓరుగల్లు తమ్ముడు చెప్పిన లెక్క బాగుంది, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఉద్యోగానికి పనికిరాదు అన్నది మాత్రం అలాగే ఉంచండి.

కానీ అందరూ కండువా గురించి మాట్లాడుతూ అసలుది మర్చిపోతున్నారు. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో కోర్, అంటే ఏ డిగ్రీ వాళ్ళైనా చదవాల్సిన సాధారణ సబ్జెక్టులు, 42 క్రెడిట్లు. అది మొత్తం పూర్తిచేస్తే రాష్ట్రంలోని ఇంకో పబ్లిక్ యూనివర్సిటీ ఆ భాగాన్ని అలాగే ఒప్పుకుంటుంది. కంప్యూటర్ సైన్స్ సీటు మాత్రం కోర్ మీద రాదు. క్యాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్‌లో ఏం వచ్చిందని చూస్తారు. ఇక్కడ క్యాలిక్యులస్ 1కి మ్యాథ్ 2413 అని ఉంటుంది. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో, రెండోది ఎన్ని క్రెడిట్లో చెప్తుంది. వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ పక్కన పెట్టుకుని ఈ నంబర్లు కలిపి చూడండి. కలవని సబ్జెక్టు ఒక్కటి తీసుకున్నా 85 డాలర్ల కంటే ఎక్కువే పోతుంది, పైగా ఒక సెమిస్టర్ వెనకపడుతుంది.

కొల్లేటి కొంగ:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. అమ్మాయి స్టూడెంట్ లైఫ్ ఆఫీసుకి వెళ్ళింది. అడ్వైజర్ హిస్టరీ లెక్చరర్ అట, పేరు, గది, ఆఫీసు వేళలు అన్నీ చెప్పారు. ఫీజు కట్టలేనివాళ్ళకి గోల్డెన్ ఆపర్చునిటీ అని ఒక సాయం ఉందని కూడా చెప్పారు. మేం దానికి పెట్టడం లేదు, మాకంటే అవసరం ఉన్నవాళ్ళు ఉంటారు.

ఆదివారం కూర్చుని ఐదు యూనివర్సిటీల పేజీలు చూశాం. రెండింటిలో ఫై థీటా కాపా స్కాలర్‌షిప్ ఉంది. అందులో ఒకటి సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ వాళ్ళకీ మాత్రమే. రెండోదానిలో వీసా మాట లేదు, మెయిల్ పెట్టి అడిగితే హెచ్-4 వాళ్ళూ పెట్టుకోవచ్చని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ మెయిల్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. ఆ యూనివర్సిటీ అమ్మాయి లిస్టులో రెండోది. అయినా చేరుతోంది. ఫుడ్ ప్యాంట్రీ సంగతి చదివించాను, పదవి వద్దు గానీ శుక్రవారాలు వెళ్తానంది.

సబ్జెక్టుల నంబర్లు కలిపి చూస్తే వచ్చే సెమిస్టర్‌కి తీసుకున్న ఒక ప్రోగ్రామింగ్ క్లాసు మొదటి ఛాయిస్ యూనివర్సిటీలో డిగ్రీకి లెక్కలోకి రాదని తేలింది. మార్చేశాం. చింతకాయ గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్.

ఓరుగల్లు కుర్రాడు:

అంకుల్, ఇంకొక్కటి. చేరేటప్పుడు కాలేజీ రికార్డులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వమనండి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక వస్తే యూనివర్సిటీ వాళ్ళు సభ్యత్వం సరిచూసేటప్పుడు మనిషి దొరకదు. నాకు రెండు వారాలు పట్టింది నేనే నేనని చెప్పుకోవడానికి.

కొల్లేటి కొంగ:

మంచి మాట చెప్పావు బాబూ. పాస్‌పోర్టులో ఒకలా, కాలేజీలో ఒకలా ఉంది, ఇప్పుడే చూశాను. రేపు కాలేజీలో ఉన్నట్టే ఇప్పిస్తాను. సర్టిఫికెట్ వచ్చాక కూడా పేరు కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతాను. ఇంట్లో ఒక అచ్చుతప్పు చాలు.