ఆగస్టు 10 ఢిల్లీ ధర్నా: కర్నూలు నుంచి 40 మందిమి పోవాలంటే?

కర్నూలు_యూత్:
అందరికీ వందనాలు. దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా కోసం ఏటా ఆగస్టు 10న బ్లాక్ డే (1950లో ఎస్సీ హోదా హిందువులకే అన్న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన రోజు) చేస్తాం కదా, ఈసారి మా సంఘం నుంచి 40 మంది జంతర్ మంతర్ పోవాలనుకుంటున్నాం. సగం మంది ఆడోళ్లు, పెద్దోళ్లు. టికెట్లు ఎప్పుడు తీయాల? పర్మిషన్ మనమే తెచ్చుకోవాల్నా? చర్చి ఖాతాలో డబ్బు వాడొచ్చా?

గుత్తి_జంక్షన్:
ఏపీ సంపర్క్ క్రాంతి చూసుకో అన్నా. తిరుపతి నుంచి కడప, కర్నూలు మీదుగా ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్‌కు పోతుంది, బండి మారే పని లేదు. కాకపోతే రోజూ లేదు, 9వ తేదీకల్లా దిగేటట్టు ఏ రోజు బండి కుదురుతుందో ముందు తేల్చుకోండి. అనంతపురం వాళ్లు కలిస్తే వాళ్లకు కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఉంది.

బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. ఆగస్టు 8న ఎక్కాలంటే జూన్ 9 పొద్దున 8కి. ఒక టికెట్‌కు ఆరుగురే, అంటే మీకు 7 టికెట్లు. ఒక్కడే కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తీస్తే చివరివి వెయిటింగ్‌లో పడతాయి, ముగ్గురు మూడు ఐడీలతో ఒకేసారి తీయండి. ఆన్‌లైన్ టికెట్‌లో అందరిదీ వెయిటింగే అయితే చార్టు పడగానే రద్దయిపోతుంది, అది పట్టుకుని స్లీపర్ ఎక్కడానికి లేదు. పెద్దోళ్ల వయసు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టండి, లోయర్ బెర్తు వచ్చేది దాన్ని బట్టే. తిరుగు టికెట్లు చాలామంది మర్చిపోతారు: 11న అయితే జూన్ 12.

కడప_లీగల్:
పర్మిషన్ పిలుపిచ్చిన సంస్థ పని, డీసీపీ ఆఫీసు నుంచి వాళ్లే తెస్తారు. ఆ కాగితం ఫోటో తెప్పించుకుని టైము, ఎంతమందికి ఒప్పుకున్నారో చూసుకోండి. పంద్రాగస్టు ముందు కాబట్టి బందోబస్తు గట్టిగా ఉంటుంది. విడిగా పార్లమెంటు దిక్కు ఊరేగింపు తీస్తే బస్సెక్కించి పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోతారు. బ్యానర్లు గుడ్డవే, కర్రలు వద్దు.

డబ్బు సంగతి జాగ్రత్త. విదేశీ విరాళాల ఖాతా ముట్టనే వద్దు, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఏ పనికి ఉంటే ఆ పనికే ఆ డబ్బు. ఈ యాత్రకు విడిగా చందా, రసీదు పుస్తకం, విడి లెక్క.

ఎవరూ అడగనిది ఇంకొకటి. ఎస్సీ సర్టిఫికెట్ ఉండి చర్చికి వచ్చేవాళ్ల పేర్లు, ఫోటోలు వాళ్లనడక్కుండా ఫేస్‌బుక్‌లో పెట్టకండప్పా. మన రాష్ట్రంలో 1993 కుల సర్టిఫికెట్ల చట్టం కింద విచారణ జరిపి సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. మతం మారాక హోదా చెల్లదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులోనూ చెప్పింది. ఎవరు ముందు వరసలో నిలబడాలనేది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల. గవర్నమెంటు ఉద్యోగులు ప్రవర్తనా నియమాలు చదువుకుని రావాల.

నంద్యాల_అక్క:
పటేల్ చౌక్ మెట్రోలో దిగండి, నడిచే దూరమే. బంగ్లా సాహిబ్ గురుద్వారా దగ్గర్లోనే ఉంది, లంగరులో అన్నం ఎవరికైనా పెడతారు, తలకు గుడ్డ కట్టుకోవాల. ఆగస్టులో ఉక్క ఎక్కువ, షుగర్, బీపీ ఉన్నోళ్లకు ఓఆర్‌ఎస్ పొట్లాలు చేతికిచ్చేయండి.

కర్నూలు_యూత్:
థ్యాంక్సన్నా, అక్కా. వినతిపత్రంలో ఏం రాయాల?

కడప_లీగల్:
ఒకే పేజీ. అడిగేది ఒక్కటే: 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో, ఎస్సీ హోదా ఏ మతాల వాళ్లకో గిరి గీసిన మూడో పేరా తీసేయాలని. అందులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని వదిలేశారని రాయండి. ఎస్సీ హోదాకు మతంతో ముడి వద్దన్న 2007 రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక, మనకు హోదా ఇమ్మని 2023 మార్చిలో మన అసెంబ్లీ చేసిన తీర్మానం జతచేయండి. క్రైస్తవులైన ఎస్సీలకు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వచ్చే 1 శాతం రిజర్వేషన్ సంగతి కూడా ఒక వాక్యం పడాల, లేకుంటే మీకు రిజర్వేషన్ ఉంది కదా అంటారు.