షవర్‌కు గార పట్టింది, సూదితో పొడిచినా నీళ్లు వంకరగానే వస్తున్నాయి

ప్రశ్న:
తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా నాన్నగారు కుర్చీలో కూర్చుని షవర్ కింద స్నానం చేస్తున్నారు. వీపు మీద పడవలసిన నీళ్లు సగం గోడకు, సగం ఆయన కళ్లలోకి కొడుతున్నాయి. రంధ్రాల చుట్టూ తెల్లగా గార కట్టింది. సూదితో ఒక్కొక్కటే పొడిచాను. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. ధార కూడా సన్నబడింది. విప్పితే మర పాడవుతుందేమోనని భయం. విప్పకుండా శుభ్రం చేసే దారి ఉందా?

జవాబు 1:
ఉందండీ. ఆ తెల్లటి గార చాలావరకు కాల్షియం కార్బొనేట్. సూది దాన్ని పక్కకు నెడుతుంది తప్ప కరిగించదు. కరిగించేది ఆమ్లం. ప్లాస్టిక్ సంచిలో తెల్ల వెనిగర్ పోసి, షవర్ ముఖం మునిగేలా తొడిగి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. చిన్న బుడగలు వస్తుంటే గార కరుగుతున్నట్టే. గంట తర్వాత పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఇత్తడి, నికెల్ లేదా బంగారు పూత ఉంటే అరగంట దాటనివ్వకండి, మసకబారుతుంది. తర్వాత కాసేపు వేడినీళ్లు వదిలి, ఊడిన పెచ్చులన్నీ పోయాకే నాన్నగారిని కూర్చోబెట్టండి.

జవాబు 2:
వెనిగర్ వాడిన చోట బ్లీచ్ ఉన్న ద్రవం మాత్రం పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న స్నానాల గదిలో అది చాలా ప్రమాదం. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

జవాబు 3:
ధార సన్నబడిందన్నారు, అందుకు రంధ్రాలొక్కటే కారణం కాకపోవచ్చు. చాలా షవర్లలో నీళ్లు లోపలికి వచ్చే చోట, వాషర్ దగ్గర, చిన్న జల్లెడ ఉంటుంది. ఇసుక, తుప్పు అక్కడే ఆగుతాయి. సంచిలోని వెనిగర్ అక్కడిదాకా అందదు కాబట్టి విప్పక తప్పదు. నట్టుకు గుడ్డ చుట్టి, గొట్టాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, పానాతో మెల్లగా తిప్పండి. బిగించే ముందు పాత టేపు తీసేసి, మర మీద కొత్త టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు వేయండి.

ప్రశ్న అడిగినవారు:
విప్పాను. మర పాడవలేదు! జల్లెడ నిండా ఎర్రటి తుప్పు ముక్కలు. కడిగి బిగించాక ధార పూర్తిగా వచ్చింది. ఇవాళ నాన్నగారు కళ్లు తెరిచే స్నానం చేశారు. అంచున రెండు రంధ్రాలు ఇంకా గోడవైపే చిమ్ముతున్నాయి. వాటి మొనలు రబ్బరువి, సూదితో నేనే చీల్చానేమోనని అనుమానం. ఈసారి వెనిగర్‌లో నానబెట్టి బొటనవేలితో మాత్రమే రుద్దుతాను.