ఎస్కలేటర్ మీద సైడ్ ఇవ్వమని అడగడం తప్పా? అసలు పద్ధతి ఏంటి?

అడిగినవారు: మియాపూర్ ప్యాసింజర్

అందరికీ నమస్తే. నేను రోజూ మియాపూర్‌లో హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కి మారి రాయదుర్గం వెళ్తా. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో ఎట్లా ఉంటుందో ఆ రూట్‌లో వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక రైలు ఖాళీ అయ్యేలోపు ఇంకో రైలు వచ్చి ఇంకో జనం దిగుతారు, అందరూ ఒకే ఎస్కలేటర్ దగ్గరికి వస్తారు. మొన్న ఇద్దరు ఫ్రెండ్స్ పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు, పైన రైలు వచ్చిన చప్పుడు వినపడుతోంది, నేను వెనక నుంచి మర్యాదగానే "బ్రదర్ కొంచెం సైడ్ ఇస్తారా" అన్నా. ఒకతను వెనక్కి తిరిగి "అంత అర్జెంటైతే పక్కన మెట్లున్నాయి కదా, ఎక్కు" అన్నాడు. గొడవేం కాలేదు కానీ ఆ మాట రోజంతా బుర్రలో తిరిగింది. ఫారిన్‌లో ఒక పక్క నిలబడేవాళ్లు, ఇంకో పక్క నడిచేవాళ్లు అని రూల్ ఉందంటారు, మన దగ్గర అందరూ ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడతారు. సైడ్ అడగడం నా హక్కా, లేక అతను చెప్పిందే కరెక్టా? ఇంకోటి, పైకి చేరగానే అక్కడే ఆగిపోయి ఫోన్ తీసి ఎటు వెళ్లాలా అని చూసేవాళ్లకి ఎట్లా చెప్పాలి? దీని మీద సీరియస్‌గా ఆలోచించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి టు లండన్

నేను ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి ఆ ఫారిన్ రూల్ సంగతి నేను చెప్తా. లండన్ ట్యూబ్‌లో, అంటే ఇక్కడి మెట్రోలో, కుడి వైపు నిలబడాలి, ఎడమ వైపు నడిచేవాళ్లకి వదలాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఎడమ వైపు నిలబడితే వెనక నుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అని వినపడుతుంది, రెండోసారి వినపడేది కొంచెం గట్టిగా ఉంటుంది. అయితే అసలు విషయం వేరే ఉంది. 2015లో హోల్‌బోర్న్ స్టేషన్‌లో ట్యూబ్ వాళ్లే ఒక ట్రయల్ పెట్టారు, నడవడం వద్దు, రెండు వైపులా నిలబడండి అని. 2016లో ఇంకాస్త ఎక్కువ రోజులు మళ్లీ చేశారు. అక్కడి ఎస్కలేటర్ బాగా ఎత్తు, ఇరవై మీటర్ల పైనే ఉంటుంది, అంత ఎత్తు నడిచి ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి ఎడమ వైపు సగం ఖాళీగా పోతుంటుంది, కింద మాత్రం కుడి వైపు కోసం పెద్ద క్యూ ఉంటుంది. అందరూ నిలబడితే రద్దీ టైమ్‌లో దాదాపు 30 శాతం దాకా ఎక్కువ మంది ఎక్కగలిగారు. అంటే నడిచే ఒక్కడికి కొన్ని సెకన్లు మిగిలినా, కింద నిలబడ్డ అందరికీ ఆలస్యం అవుతోందన్నమాట. జనం మాత్రం అలవాటు మానలేదు, ట్రయల్ అయిపోయాక మళ్లీ పాత పద్ధతే నడుస్తోంది.

జపాన్‌లో ఇంకో రకం. టోక్యోలో ఎడమ పక్క నిలబడతారు, ఒసాకాలో కుడి పక్క. సైతామాలో అయితే 2021 అక్టోబర్ నుంచి ఎస్కలేటర్ మీద నడవకుండా నిలబడే వెళ్లాలని లోకల్ చట్టమే పెట్టారు, నగోయా కూడా 2023లో అదే చేసింది. కాబట్టి తమ్ముడూ, సైడ్ వదలడమే నాగరికత, వదలకపోతే మనవాళ్లకి మేనర్స్ లేవు అనుకోనక్కర్లేదు. ఆ పద్ధతి పుట్టిన చోట్లే దాని మీద రెండో ఆలోచన మొదలైంది.

లిఫ్ట్ మెకానిక్

నేను పద్నాలుగేళ్లుగా లిఫ్టులు, ఎస్కలేటర్ల మెయింటెనెన్స్‌లో ఉన్నా, మాల్స్‌లోనూ స్టేషన్లలోనూ చేశా. నా మాట సూటిగా చెప్తా, ఎస్కలేటర్ నడవడానికి కాదు. మామూలు మెట్టు పదిహేను, పదహారు సెంటీమీటర్ల ఎత్తుంటే ఎస్కలేటర్ మెట్టు ఇరవై దాటుతుంది, పైగా మొదట్లోనూ చివర్లోనూ మెట్లు చదునవుతూ ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి, కాలు లెక్క తప్పేది అక్కడే. ఆగిపోయిన ఎస్కలేటర్‌ని మెట్లలాగా ఎక్కేటప్పుడు కూడా ఇదే జరుగుద్ది, ఎక్కాల్సి వస్తే హ్యాండ్‌రైల్ వదలొద్దు. నడిచేవాడు పడితే వాడొక్కడే పడడు, కింద ఉన్న పెద్దావిడ మీదో పిల్లాడి మీదో పడతాడు.

అయితే సైడ్ ఇవ్వడం కంటే వంద రెట్లు ముఖ్యమైంది మీరు చివర్లో అడిగారు, పైన ఆగిపోవడం. దాని సంగతి లెక్కతో చెప్తా, వినండి. ఎస్కలేటర్ సాధారణంగా సెకనుకి అర మీటరు స్పీడ్‌లో పోతుంది, ఒక్కో మెట్టు లోతు నలభై సెంటీమీటర్లు, అంటే సెకను కూడా తిరక్కుండానే ఇంకో మెట్టు పైకొస్తుంది. మెట్టుకి ఇద్దరు చొప్పున నిండుగా ఉన్నప్పుడు పైన ఒక్కడు నాలుగు సెకన్లు ఆగాడంటే ఈలోపు పది మంది దాకా అక్కడికి వచ్చేస్తారు. వాళ్లు ఆగుదామన్నా ఆగలేరు, మెషిన్ తోస్తూనే ఉంటుంది, వెనక్కి పోదామంటే వెనక జనం. మెట్లు లోపలికి వెళ్లే చోట దువ్వెన పళ్లలాంటి ప్లేట్ ఉంటుంది చూడండి, జనం గుమిగూడితే ఆ ప్లేట్ మీదే కాళ్లు ఆడక పడతారు. అందుకే దిగగానే నాలుగడుగులు ముందుకి పోవాలి, ఆ తర్వాత పక్కకి జరిగి ఫోన్ చూసుకోండి, బ్యాగ్ సర్దుకోండి, ఎవరికోసమైనా ఎదురుచూడండి.

పనిలో పనిగా ఇంకో రెండు. పక్కన నల్లగా కుచ్చులాగా ఉండే బ్రష్ బూట్లు తుడుచుకోవడానికి కాదు, కాళ్లూ బట్టలూ గోడ సందుకి దూరంగా ఉండాలని పెట్టింది. పిల్లలు దానికి చెప్పు రాస్తుంటే ఆపండి, మెత్తటి రబ్బరు చెప్పులు ఆ సందులో ఇరుక్కుంటాయి, చీర కుచ్చిళ్లు, చున్నీ కొంగు, ఊడిన షూ లేసులు కూడా అంతే. కిందా పైనా ఎర్ర బటన్ ఉంటుంది, ఎవరైనా పడినా ఏదైనా ఇరుక్కున్నా దాన్ని నొక్కాలి, దగ్గరున్న ఎవరైనా నొక్కొచ్చు, స్టాఫ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. నొక్కే ముందు "పట్టుకోండి" అని ఒక కేక వేస్తే ఇంకా మంచిది, ఆగే కుదుపుకి పడకుండా ఉంటారు.

హన్మకొండ అక్క

మెకానిక్ అన్న మంచిగ చెప్పిండు. నేను వేరే ముచ్చట చెప్త. మా అమ్మకు ఎస్కలేటర్ అంటే భయం, చీర కట్టుకుంటది, కాలు ఎప్పుడు పెట్టాలె అని అక్కడనే నిలబడి చూస్తది. వెనకోళ్లు "జల్దీ ఎక్కు అమ్మా" అని అరుస్తరు, ఇంకొందరు నవ్వుతరు. నవ్వుడు ఎందుకో నాకు సమజ్ కాదు, పొలంల గట్ల మీద తట్ట నెత్తిన పెట్టుకొని నడిచిన మనిషి ఆమె, ఈ మెషిన్ మాత్రం ఆమెకు కొత్త. అట్ల ఎవరన్న కనవడితె పక్కనోళ్లు చెయ్యి ఇయ్యాలె, లేదంటె చుట్టు తిరిగి పోవాలె, గంతే. లిఫ్ట్ ఉంది కదా అంటరు, లిఫ్ట్ కాడికి పోతే కాలేజీ పోరగాళ్లు ఆఫీసు బ్యాగులోళ్లు నిండి ఉంటరు, కర్ర పట్టుకున్న తాత బయటనే నిలబడి ఉంటడు, ఒక్కరు గూడ దిగరు.

ఇంకోటి ఆడోళ్లందరికి తెలిసిందే, మగోళ్లు చదువుతున్నరు కాబట్టి రాస్తున్న. ఎస్కలేటర్ మీద వెనక మెట్టు మీదనే ఆనుకొని నిలబడకున్రి. పైకి పోయేటప్పుడు వెనకాయన మొకం ఎక్కడ ఉంటదో మీరే ఆలోచించున్రి. ఖాళీ ఉన్నప్పుడు ఒక మెట్టు వదిలి నిలబడితె ఎవ్వరికి నష్టం లేదు. సైడ్ ఇచ్చుడు ఇయ్యకపోవుడు కన్న నాకు ఇదే పెద్ద మర్యాద.

మాటుంగా తెలుగు

నేను ముంబైలో పుట్టి పెరిగా. మీరు ఎస్కలేటర్ గురించి అడిగారు గానీ పైన ఆగిపోవడం అన్న మాట చదవగానే నాకు 2017 సెప్టెంబర్ 29 గుర్తొచ్చింది. ఎల్ఫిన్‌స్టోన్ రోడ్ స్టేషన్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్ల దగ్గర తొక్కిసలాటలో 23 మంది పోయారు. ఆ టైమ్‌కి పెద్ద వాన, తడవకుండా జనం బ్రిడ్జి మీదే ఆగారు, రైళ్లు దిగినవాళ్లు వెనక నుంచి వస్తూనే ఉన్నారు. ఇరుకు బ్రిడ్జి అసలు కారణం, అది కట్టాల్సినవాళ్ల బాధ్యత, ఆగినవాళ్లని తప్పు పట్టడానికి చెప్పట్లేదు. కానీ మెట్ల మొదట్లో చివర్లో గుంపుగా నిలబడకూడదని అప్పటి నుంచి మా ఇంట్లో పిల్లలకి కూడా చెప్తాం.

లోకల్ రైళ్లలో మాకు రాయని రూల్స్ కొన్నున్నాయి, హైదరాబాద్ వచ్చినప్పుడు మెట్రోలో అవి కనపడక ఇబ్బంది పడతాను. దిగే స్టేషన్ వచ్చేలోపే ముందున్న మనిషిని "నెక్స్ట్ దిగుతారా" అని అడగడం, దిగకపోతే అతను ముందే చోటు మారతాడు. వీపు బ్యాగు ముందుకి వేసుకోవడం. తలుపు తెరిచాక దిగేవాళ్లని దిగనిచ్చి ఎక్కడం, ఇది లోకల్‌లో కూడా అందరూ చెయ్యరు, ఒప్పుకుంటా, కానీ మెట్రోలో తలుపు పక్కన నేల మీద గీతలు గీసి మరీ చూపిస్తారు కదా, పక్కకి నిలబడితే ఇద్దరికీ తొందరగా అవుతుంది. ఫోన్లో వీడియోలు స్పీకర్ పెట్టి చూసేవాళ్ల గురించి వేరే పోస్టు పెట్టాలి, ఇక్కడ మొదలుపెడితే ఆగదు.

మియాపూర్ ప్యాసింజర్

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. హోల్‌బోర్న్ సంగతి నాకు పూర్తిగా కొత్త. అమీర్‌పేటలో అయితే పొద్దున ఎస్కలేటర్ కింద క్యూ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ రెండు పక్కలా నిలబడటమే న్యాయం అనిపిస్తోంది, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం పక్కకి నిలబడితే బాగుంటుందని నేను ఇప్పటికీ అంటాను. మెకానిక్ గారూ, ఒకటి అడుగుతా, మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది, వచ్చే నెల ఆయన్ని మెట్రోలో తీసుకురావాలి, లిఫ్ట్ దగ్గర క్యూ పెద్దగా ఉంటే ఎస్కలేటర్ మీద తీసుకెళ్లొచ్చా?

లిఫ్ట్ మెకానిక్

వద్దు బాబూ, ఎంతసేపైనా లిఫ్టే. క్యూ ఉంటే స్టేషన్ స్టాఫ్‌ని పిలవండి, లేదా మీరే "పెద్దాయనకి ఆపరేషన్ అయింది, కొంచెం దారివ్వండి" అని గట్టిగా అడగండి, అడిగితే పక్కకి జరిగేవాళ్లే ఎక్కువ, అడక్కపోతే ఎవరూ ఫోన్ లోంచి తలెత్తరు. ఏ గేటు నుంచి లిఫ్ట్ ఉందో ముందు రోజే మీరొకసారి చూసుకోండి, ఆయన్ని తీసుకొచ్చాక రోడ్డు ఇటు పక్కా అటు పక్కా తిప్పొద్దు. పదకొండు దాటాక బయల్దేరితే ఇంకా సుఖం.