సీనియర్ గోల్ఫ్ మీద పందెం: తెలివా, జూదమా?

కొత్తపట్నం_చెరువుగట్టు:
మా వైపు రొయ్యల చెరువుల కాడ రాత్రి కాపలా ఉండే కుర్రోళ్ళకి ఈ మధ్య కొత్త పిచ్చి పట్టుకుంది. ఐపీఎల్ అయిపోయాక అమెరికాలో యాభై దాటినవాళ్ళు ఆడే గోల్ఫ్ మీద పందేలు కడుతున్నారు. అక్కడ ఆదివారం సాయంత్రం ఆఖరి రౌండు ముగిసేసరికి మనకి సోమవారం తెల్లవారుజాము మూడవుతుంది. అప్పటిదాకా ఏరియేటర్ల మోతలో ఫోన్లో స్కోరు చూస్తూ కూర్చుంటారు. అడిగితే "ఇది క్రికెట్ కాదన్నా, ఆట తెలిస్తే చాలు" అంటారు. నాకైతే జూదమే అనిపిస్తోంది. మీరేమంటారు?

ఒంగోలు_గిత్త:
ఒక్క మాటలో జూదమని కొట్టేయకు అన్నా. యాభై దాటినవాళ్ళు ఆడే ఆ టోర్నీల వరస పేరు పీజీఏ టూర్ ఛాంపియన్స్, 1980 నుంచి నడుస్తోంది. మామూలు టోర్నీలో 78 మంది దాకా ఆడతారు, మూడే రౌండ్లు, మధ్యలో ఎవర్నీ తీసెయ్యరు. ఆడేవాళ్ళూ ఎక్కువగా పాతవాళ్ళే కాబట్టి ఎవరు ఏ కోర్సులో ఎలా ఆడతారో ఏళ్ళ రికార్డు కళ్ళముందే ఉంటుంది. 2023లో స్టీవ్ స్ట్రికర్ ఆరు టోర్నీలు గెలిచాడు, అందులో మూడు మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నీలు. అదే ఏడాది బెర్న్‌హార్డ్ లాంగర్ 65 ఏళ్ళ వయసులో యూఎస్ సీనియర్ ఓపెన్ అనే మేజర్ కొట్టి, ఈ టూర్‌లో హేల్ ఇర్విన్ 45 విజయాల రికార్డు దాటేశాడు. కోడిపందెం కట్టేవాడికి ఇంత సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

పెన్నాగట్టు_నెల్లూరు:
తమ్ముడూ, ఆట గురించి నువ్వు చెప్పింది నిజమే, కానీ ఆ రికార్డు పందెం రేటు పెట్టే కంపెనీకి తెలీదా? ఒకడికి 6 రేటు ఇచ్చారంటే, వంద కట్టి గెలిస్తే చేతికి ఆరొందలు, అంటే ఆరింట ఒకసారి, వందకి పదిహేడు సార్ల లెక్కన గెలుస్తాడని. ఆడే అందరికీ అట్లా శాతాలు తీసి కూడి చూడు, వందకి బాగా పైన తేలుతుంది, ఆ పైదే కంపెనీ వాటా. ఇద్దరే ఉన్న పందెంలో చెరో 1.90 ఇచ్చినా మొత్తం 105 దాటుతుంది, ఇక డెబ్భై ఎనిమిది మంది ఉన్నచోట ఎంత దాచుకుంటారో ఆలోచించు.

ఇంకోటి, మొదటి ఐదుగురిలో వస్తే చాలని కడతారు చూడు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. గోల్ఫ్‌లో స్కోర్లు సమానం కావడం మామూలు. ఐదో స్థానంలో ముగ్గురు నిలిస్తే నీ పందెంలో మూడో వంతుకే డబ్బులిస్తారు. మనోడు ఐదోవాడిగా వచ్చాడని సంబరపడి ఖాతా చూసుకుంటే కట్టిన దానికన్నా తక్కువ పడుండొచ్చు.

మూడే రౌండ్లని నువ్వు ప్లస్సుగా చెప్పావు, నేను దానికి రివర్స్‌లో అంటా. రౌండ్లు తగ్గేకొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది. మేజర్లు నాలుగు రౌండ్లు పెట్టేది ఊరికే కాదు.

కావలి_ట్రంకురోడ్డు:
అసలు మాట వదిలేశారు. మన రాష్ట్రంలో 2020లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలు నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో దేశమంతా డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఇంకా ఎక్కడో విదేశంలో నడిచే సైట్లో కట్టి గెలిచినా, వాడు డబ్బులివ్వకపోతే ఏ స్టేషనుకి పోతారమ్మా ఆ పిల్లలు? ఆ డబ్బంతా చెరువు కాడ రాత్రి నిద్ర చంపుకుని సంపాదించిన జీతం.

ఒంగోలు_గిత్త:
చట్టం మాట కాదనను అక్కా. కానీ తెలివి లేదంటే ఒప్పుకోను. న్యూజిలాండ్ ఆటగాడు స్టీవెన్ ఆల్కర్ 2021లో సోమవారం క్వాలిఫయింగ్, అంటే టోర్నీకి ముందు మిగిలిన చోట్ల కోసం పెట్టే పోటీ, ఆడి లోపలికొచ్చాడు, పేరు తెలిసినవాళ్ళే తక్కువ. 2022కల్లా సీనియర్ పీజీఏ అనే మేజర్ గెలిచి, ఏడాది మొత్తం పాయింట్లలో ఛాంపియన్ అయ్యాడు. ముందే పసిగట్టినవాడికి తెలివి ఉన్నట్టా, లేనట్టా?

పెన్నాగట్టు_నెల్లూరు:
ఉన్నట్టే. అదే ఆల్కర్ 2024 ఆఖరి టోర్నీలో ఏమయ్యాడో కూడా చెప్పు మరి. ఫీనిక్స్‌లో చివరి హోల్ మీద లాంగర్ 30 అడుగుల దూరం నుంచి బంతిని గుంతలోకి దొర్లించి ఒక్క దెబ్బ తేడాతో టోర్నీ లాగేసుకున్నాడు, 67 ఏళ్ళకి, మడమ నరం తెగిన ఏడాదే. ఆల్కర్ మీద కట్టినోడి తెలివి ఏం తక్కువైందని?

సరే, నిజంగా లెక్క తెలిసి వరసగా గెలిచేవాడు ఒకడున్నాడే అనుకుందాం. విదేశాల్లో లైసెన్సుతో నడిచే కంపెనీలే అలాంటివాడి ఖాతా పట్టుకుని, కట్టే మొత్తాన్ని నాలుగైదు రూపాయలకి కుదించేస్తాయి. ఓడేవాడికి మాత్రం బోనస్ మీద బోనస్ పంపుతాయి. మీ కుర్రోళ్ళకి ఆ బోనస్ మెసేజీలు వస్తున్నాయేమో అడిగి చూడు కొత్తపట్నం అన్నా.